ఇరవై రెండు తొడిమలు

పదకొండేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. దాన్ని దించుకోవాలని ఒకే ఒక్కసారి ప్రయత్నించాను. దిగలేదు. ఎందుకు దిగలేదో చివర్లో చెబుతాను. ఇప్పుడే చెబితే మీరు నన్ను మంచిదాన్ని అనుకుంటారేమోనని భయం. ఆ పొరపాటు ఇప్పటికే ఒకరు చేశారు. రెండోవారు కూడా చేస్తే తట్టుకోలేను.

బరువంటే ఏదో పెద్దది అనుకునేరు. గుమ్మడికాయలు. నవ్వొస్తే నవ్వండి, నాకూ మొదట్లో నవ్వే వచ్చేది. నేనేం ఎవరి గొంతూ కొయ్యలేదు, ఎవరి కొంపా కూల్చలేదు, ఇరవై రెండు గుమ్మడికాయలు కుళ్ళిపోయాయి, లోకంలో రోజూ ఎన్ని కుళ్ళడం లేదు అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. మరి అంతే అయితే, ఇవాళ్టికీ బజారులో గుమ్మడికాయ కనపడితే నా కళ్ళు ముందు దాని తొడిమ కేసి ఎందుకు పోతాయి? తొడిమ ఉంటే ఎందుకు ఊపిరి పీల్చుకుంటాను?

నా పేరు రాయను. పాలకొల్లుకి దగ్గర్లో ఒక పల్లె మాది, వ్యవసాయం ఇల్లు. నేను ఆ ఇంటికి పెద్దకోడల్ని. నేను చెప్పబోయే నాటికి నా పెళ్ళై ఎనిమిదేళ్ళు, ఒక కొడుకు. మా వీధిలో కరెంటు స్తంభాలు పాతుతున్న రోజులు. మా మరిదికి అంతకు ముందు ఏడాదే పెళ్ళయింది. ఆ అమ్మాయిని ఇక్కడ మంగ అని రాస్తాను, అసలు పేరు వేరే. కడియం పిల్ల. వాళ్ళ నాన్నకి అక్కడ చిన్న నర్సరీ ఉండేది. మంగ మొక్కలకి అంట్లు కట్టే చేతులతో పెరిగింది. దాని చెయ్యి పడితే ఏదైనా బతికేది.

నా చెయ్యి పడితే ఏదీ బతికేది కాదు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే తక్కినదంతా మీకు అర్థం కాదు. నేను నాటిన కరివేపాకు రెండుసార్లు చచ్చిపోయింది. తులసి కూడా నిలవలేదు. ఎవరూ చూడకుండా పక్కింటి నుంచి ఇంకో మొక్క తెచ్చి అదే కోటలో పాతి, ఏమీ జరగనట్టు దణ్ణం పెట్టుకున్నాను. ఎనిమిదేళ్ళు ఆ ఇంట్లో వండాను, వడ్డించాను, మా అత్తగారి కాళ్ళు పట్టాను. ఆవిడ ఎవరి ముందూ నన్ను మెచ్చుకున్న గుర్తు లేదు. మంగ వచ్చిన ఆర్నెల్లకే వీధి అరుగు మీద కూర్చుని నలుగురు అమ్మలక్కల ముందు, "మా చిన్నకోడలి చెయ్యి పడితే ఎండుకర్ర కూడా చిగురేస్తుందమ్మా" అంది. నేను లోపల చేటలో బియ్యం ఏరుతున్నాను. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరాను. ఇంత చిన్న మాటకా అని మీరనచ్చు. అవును, ఇంత చిన్న మాటకే.

ఆ ఏడు ఆషాఢంలో మంగ పశువుల పాక పక్కన, పేడగుంట అంచున మూడు గుమ్మడి గింజలు పెట్టింది. వినాయకచవితికి తీగ చూరెక్కింది. దీపావళికి పాక మీద తాటాకు కనపడకుండా ఆకు కమ్మేసింది. పొద్దున్నే లేచి మగపువ్వు తుంచి ఆడపువ్వుకి అద్దేది. మేమెవరం అలాంటిది చూడలేదు. పిందె పడ్డ ప్రతి చోటా కింద పిడికెడు గడ్డి దోపేది, తాటాకు గీరుకోకుండా. చివరికి ఇరవై రెండు కాయలు నిలిచాయి. ఒక్కొక్కటీ నా రెండు చేతుల్లోకి సరిగ్గా వచ్చేంత.

సరిగ్గా అప్పుడే మా ఆడపడుచుకి పెళ్ళి కుదిరింది. ముహూర్తం వైశాఖంలో. మా అత్తగారు పాక కేసి చూసి, పెళ్ళిలో దప్పళానికి మన కాయలే, ఒక్కటి కూడా బయట కొనక్కర్లేదు, చిన్నకోడలు పుణ్యమా అని, అంది. ఐదు నెలలు నిలవ ఉంటాయా అని ఎవరో అడిగారు. ఉంటాయండీ, సరిగ్గా కోసి సరిగ్గా పెడితే ఆరు నెలలైనా ఉంటాయి అని మంగ చెప్పింది. నిజమే. ఉంటాయి. ఇప్పుడు నాకు బాగా తెలుసు.

మార్గశిరంలో తొడిమలు ఎండి గట్టిపడ్డాయి, కోతకొచ్చాయి. ఆ రోజు మగవాళ్ళందరూ చేలోనే ఉన్నారు, వరి పనలు తడవకుండా కుప్ప వెయ్యాలని. ఆకాశం మూసుకొచ్చింది. వాన పడితే కాయ పనికిరాదు, ఇవాళే దింపెయ్యమని అత్తగారు పురమాయించింది. మంగ ముందురోజే బయట చేరింది. మా ఇంట్లో ఆ మూడు రోజులూ పాక వెనక చాప మీదే ఉండాలి, దేన్నీ ముట్టుకోకూడదు. కాబట్టి కోసే పని నాకు పడింది.

మంగ దూరంగా నిలబడి చెప్పింది. తొడిమ జానెడు వదిలి కొడవలితో కొయ్యాలట. తొడిమ పట్టుకుని ఎత్తకూడదట, కింద చెయ్యేసి పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తాలట. నీళ్ళు తగలకూడదట. పొడిగుడ్డతో తుడిచి, అటక మీద గడ్డి పరిచి, ఒకదానికొకటి తగలకుండా పెట్టాలట. తొడిమ ఊడిన కాయ రెండు నెలలు కూడా ఆగదట. ఎంత వినయంగా చెప్పినా, ఆ మాటలన్నీ నాకు చెంపదెబ్బల్లాగే తగిలాయి. నాకంటే పదేళ్ళు చిన్నది. నాకు గుమ్మడికాయ కొయ్యడం నేర్పుతోంది.

అప్పుడే అది వేలు చాపి చూపించింది. అదిగోండక్కా, ఆ మూల ఆకు కింద ఇంకోటుంది, చూడండి, అని. మీ వైపు ఈ నమ్మకం ఉందో లేదో. మా ఇళ్ళల్లో పాదు మీదున్న కాయకి వేలు చూపించరు. చూపిస్తే కుళ్ళిపోతుందంటారు. చూపించాల్సి వస్తే వేలు మడిచి కణుపుతో చూపిస్తారు. అందులోనూ బయటున్నది చూపించడమా! వేలు మడవమని నేనంటే మంగ నవ్వింది. మా నాన్న రోజుకి వెయ్యి మొక్కలకి వేలు చూపిస్తాడు, ఒక్కటైనా చచ్చిందేంటక్కా, అని. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి. దానికి ఆ నమ్మకం లేదు. అప్పటికి లేదు.

మంగ పాక వెనక్కి వెళ్ళిపోయింది. నేను చూరు కింద నిలబడ్డాను. కొడవలి పక్కనే ఉంది. మొదటి కాయ పట్టుకుని కొంచెం తిప్పి చూశాను. తొడిమ మొదలుకంటా ఊడి నా చేతిలోకి వచ్చింది. అది పొరపాటు. దేవుడి సాక్షిగా మొదటిది పొరపాటే.

రెండోది కాదు.

రెండోది తిప్పుతున్నప్పుడు నాకు తెలుసు. ఆ "పటుక్"మనే చప్పుడు నాకు హాయిగా ఉంది. ఇంత కాలానికి కూడా ఆ మాట రాయడానికి చెయ్యి ఆగిపోతోంది, కానీ హాయిగానే ఉంది, మెడలో పట్టేసిన నరం వదిలినట్టు. చేతికందినవి తిప్పి ఊడదీశాను. అందనివి దోటి వేసి లాగాను, అవి దొర్లుకుంటూ వచ్చి గడ్డిమోపు మీద పడ్డాయి. అన్నిటినీ నూతి దగ్గర పెట్టి కడిగాను. శుభ్రంగా ఉండాలిగా! అటకెక్కించి ఒకదాని మీద ఒకటి పేర్చాను. తొడిమ ఊడిన చోటు ఎవరికీ కనపడకుండా కిందికి తిప్పి పెట్టాను. ఊడదీసిన తొడిమల్ని ఒడిలో పోసుకుని వెళ్ళి నీళ్ళపొయ్యిలో వేశాను. మండిపోయాయి.

ఏం జరగాలని కోరుకున్నాను? ఎన్నోసార్లు అడిగాను నన్ను నేను. కాయలు కుళ్ళాలనా? అంతే అనుకుంటాను. నాలుగు కాయలు కుళ్ళితే, చూశారా, దీని చెయ్యి కూడా అందరి చెయ్యి లాంటిదే అని అత్తగారు ఒక్క మాట అంటే చాలనుకున్నాను. అంతకు మించి నాకేం అక్కర్లేదు. కానీ కోరిక మనం గీసిన గీత దగ్గర ఎందుకు ఆగుతుంది?

నాలుగో రోజు తలస్నానం చేసి వచ్చి మంగ అటకెక్కి చూస్తానంది. అన్నీ నువ్వు చెప్పినట్టే సర్దాను, నిచ్చెన చేలోకి పంపేశాను అన్నాను. మారుమాట లేకుండా సరేనంది. నన్ను నమ్మింది. అది నన్ను ఎప్పుడూ నమ్మింది, అదే నా ఖర్మ.

మాఘం వెళ్ళకుండానే ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, అటక మీద నుంచి పసుప్పచ్చటి నీళ్ళు కారాయి. కింద పెళ్ళికని దంపించి పెట్టిన బియ్యం బస్తా తడిసింది. పాలేరు అటకెక్కి ఒక్కొక్కటీ తీస్తుంటే చేతుల్లోనే చితికిపోయాయి. ఇరవై రెండింటిలో ఒక్కటి కూడా మిగల్లేదు. ఆ కుళ్ళులో తొడిమ ఉందో లేదో ఎవరు వెతుకుతారు! పెరట్లో గొయ్యి తీసి పూడ్చేశారు. ఇల్లంతా మూడు రోజులు కంపు. మా అత్తగారికి బియ్యం బాధ కాదు, కాయల బాధ కాదు. శుభకార్యానికని దాచిన గుమ్మడికాయ కుళ్ళింది, ఏం కీడు రాబోతోందో అని ఆవిడ వణికిపోయింది. నిజంగానే వణికింది, నటన కాదు. ఎవరి వేలు పడిందే దీని మీద, అని ఇద్దరు కోడళ్ళనీ నిలబెట్టి అడిగింది.

నేను చెప్పాను. "కోసిన రోజున మంగ వేలు చూపించిందండి, అత్తయ్యా. బయటుంది అప్పుడు."

చూడండి, అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చూపించింది. బయటే ఉంది. నేను నిజమే చెప్పాను. నిజాన్ని నా జన్మలో ఇంకెప్పుడూ ఇంత చెడ్డ పనికి వాడలేదు.

మంగ కాదనలేదు. చూపించానండీ, కానీ దానికీ దీనికీ సంబంధం లేదండీ, అంది. అత్తగారు చెయ్యెత్తలేదు, అరవలేదు. ఇక మీద నువ్వు పాదుల జోలికి పోకమ్మా, అంది, అంతే. పెళ్ళికి పాలకొల్లు నుంచి కాయలు తెప్పించారు. దప్పళం బాగానే కుదిరింది. పెళ్ళి పనుల్లో పసుపు దంచడానికి మంగని పిలవలేదు, పందిట్లో తోరణాలు కట్టనివ్వలేదు. నన్ను పిలిచారు. నేను వెళ్ళాను.

ఆ తరవాత మంగకి నెల తప్పింది. ఐదో నెల్లో కడుపు పోయింది. పాలకొల్లు ఆస్పత్రిలో డాక్టరమ్మ రక్తం చాలా తక్కువుంది, గర్భసంచి బలంగా లేదు అని చెప్పింది. నేను పక్కనే నిలబడి విన్నాను, ఇప్పటికీ ఆ మాటలు పట్టుకునే వేలాడుతున్నాను. నా వల్ల ఆ కడుపు పోలేదు. నా వల్లేనంటే నేను కూడా ఒప్పుకోను. కానీ ఊరు ఊరుకుంటుందా? కాయలు పోయాయి, ఇప్పుడిది, అని ఒకరితో ఒకరు అనుకున్నారు. మా అత్తగారు పైకి అనలేదు గానీ, మంగ కంచం దగ్గర కూర్చుంటే పసివాణ్ణి తన ఒళ్ళోకి లాక్కునేది. మా అబ్బాయిని.

ఆస్పత్రి నుంచి వచ్చిన పదో రోజు, పడమటి గదిలో చాప మీద పడుకుని మంగ నన్ను పిలిచింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. నేను జావ తీసుకెళ్ళాను.

"అక్కా, ఒకటడుగుతాను. కోప్పడకండి."

"ఏంటో అడుగు."

"ఆ కాయలు కోసినప్పుడు, తొడిమలు ఉన్నాయాండీ?"

నేను జావలో చెంచా తిప్పాను. ఆ క్షణంలో అంతా ఉంది. అది నాకు తలుపు తీసి పట్టుకుంది. లేవు మంగా, నేనే ఊడదీశాను అని నాలుగు మాటలు చాలు. చెబితే ఏమయ్యేది? నన్ను ఇంట్లోంచి గెంటేవారు కాదు. మా ఆయన రెండు కేకలేసేవాడు. అత్తగారు ఏడాది మాట్లాడేది కాదు. అంతే కదా! ఇంత చిన్న ఖరీదుకి భయపడ్డాను.

"ఉన్నాయి. జానెడు వదిలే కోశాను."

"కడగలేదుగా?"

"కడుగుతానా! నువ్వు చెప్పావుగా."

"విడివిడిగానే పెట్టారుగా అక్కా?"

"ఆఁ."

మంగ పైకప్పు కేసి చూసింది. తరవాత తన కుడిచెయ్యి ఎత్తి చూపుడువేలు చూసుకుంది, కొత్తగా చూస్తున్నట్టు.

"అయితే ఇదేనండక్కా," అంది. "ఇంకేముంది మరి."

జావ తాగింది. గ్లాసు నాకిచ్చేటప్పుడు ఆ వేలు లోపలికి మడుచుకుని ఇచ్చింది.

నర్సరీలో పుట్టిన పిల్ల అది. ఏ మొక్కకి ఏమైనా కారణం వెతుక్కునే పిల్ల. తొడిమ ఊడిందా, తడి తగిలిందా, ఒరుసుకున్నాయా అని వరసగా అడిగింది. ఒక్కొక్క దారే నేను మూసుకుంటూ వచ్చాను. మూసి మూసి దాని వేలొక్కటే మిగిల్చాను. అత్తగారు అన్నందుకు అది నమ్మలేదు, ఊరు అన్నందుకు నమ్మలేదు. నా మాట మీద నమ్మింది.

ఆ తరవాత సంగతులు రాయడానికి నాకు మనసొప్పడం లేదు, కానీ సగం ఒప్పుకుని ఏం లాభం? రెండోసారీ దాని కడుపు నిలవలేదు. మూడోసారి రానే లేదు. మంగ మళ్ళీ గింజ ముట్టుకోలేదు. వాళ్ళ నాన్న ఒకసారి కడియం నుంచి కనకాంబరం మొక్కలు తెస్తే, మీరు పాతండక్కా అని నాకిచ్చింది. పాతాను. అన్నీ చచ్చాయి, నా చెయ్యి కదా. ఆయన మంచాన పడ్డాక నర్సరీ చూసుకోమని కబురు పెట్టాడు, ఒక్కతే కూతురు. ఇది రెండు బస్సులు మారి వెళ్ళి ఆయన్ని చూసి వచ్చేసింది, మొక్కల వరసల్లోకి అడుగు పెట్టలేదట. నర్సరీ వేరేవాళ్ళ చేతుల్లోకి పోయింది. ఆయన కూడా పోయాడు. కూతురికి ఏమైందో తెలియకుండానే పోయాడు.

నాకు మళ్ళీ కాన్పయింది. ఆడపిల్ల. పాకే వయసులో అది మంగ కాళ్ళకి చుట్టుకునేది. మంగ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడేది. ఎత్తుకో మంగా, ఏడుస్తోంది, అని నేనే బతిమాలాను. ముద్దొస్తోందండి, వద్దులెండక్కా, అనేది. పసిపిల్లని ఎలా ఎత్తాలో గుమ్మడికాయ చూపించి నాకు నేర్పిన మనిషి!

ఏదైనా చూపించాల్సి వస్తే ఇప్పటికీ గడ్డంతో చూపిస్తుంది. దారి అడిగితే గడ్డంతో చూపిస్తుంది. కొత్తవాళ్ళకి అది పొగరులా కనిపిస్తుంది.

మొన్న కార్తీకంలో చెప్పేశాను. అత్తగారు పోయి రెండేళ్ళయింది, మొహమాటపడాల్సిన వాళ్ళెవరూ మిగల్లేదు. సిగ్గు లేకుండా అనాలంటే, చెబితే పోయేదేమీ లేని రోజు చూసుకుని చెప్పాను. పెరటి గుమ్మంలో ఇద్దరం కూర్చుని చిక్కుళ్ళు వలుస్తున్నాం. ఆ కాయలకి తొడిమలు లేవు మంగా, నేనే అన్నీ ఊడదీశాను, కడిగాను, కుప్పగా పేర్చాను, నీ వేలుకి దోషం లేదు అన్నాను. ఒక్క గుక్కలో అన్నాను.

మంగ వలవడం ఆపి నా మొహంలోకి చూసింది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపం వస్తుందనుకున్నాను, కొడుతుందేమోనని కూడా అనుకున్నాను, కొట్టాలని కోరుకున్నాను.

"మీరు ఎంత మంచివారక్కా," అంది. "ఇన్నేళ్ళ తరవాత కూడా నాకోసం ఆ నింద మీ మీద వేసుకుంటున్నారు."

కాదు మంగా, నిజం, అన్నాను. ఒట్టేశాను. పిల్లల మీద ఒట్టేశాను. అయ్యో, పిల్లల మీద వెయ్యకండక్కా, అని కంగారుపడింది. ఆ రోజే మీరు చెప్పారుగా తొడిమలు ఉన్నాయని, మీరు నాతో ఎప్పుడైనా అబద్ధమాడారా, అంది. చూపించడానికి నా దగ్గర ఏముంది? తొడిమలు నీళ్ళపొయ్యిలో బూడిదయ్యాయి. కాయలు గోతిలో మట్టయ్యాయి. ఆ గొయ్యి మీద ఇప్పుడు వడ్లకొట్టు కట్టారు. మంగ చేట తీసుకుని లేచింది. నా భుజం తట్టి వెళ్ళింది, వేలు మడిచిన పిడికిలితో.

నేను చేసిన తప్పు ఇంతా చేసి నాకు మంచిపేరు తెచ్చి పెట్టింది. ఇంతకంటే శిక్ష ఎవరైనా వెయ్యగలరా? క్షమించమని అడుగుదామన్నా, మంగ దృష్టిలో నేను చేసిన తప్పే లేదు. ఇక ఏ దారీ లేదు. ముప్పై దాటిన మనిషి, ఇంకో ముప్పయ్యేళ్ళు ఆ వేలు మడుచుకునే బతుకుతుంది. నేను పక్కనే ఉండి చూస్తూ ఉంటాను.

అందుకే మీకు రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేను మీకు జావ కాచి ఇవ్వలేదు, ఆస్పత్రిలో మీ పక్కన కూర్చోలేదు. నన్ను మంచిదాన్ని అనుకోవడానికి మీకు ఏ కారణమూ లేదు. కాబట్టి మీరు నమ్మగలరు.

కొడవలి పక్కనే ఉంది. ఇరవై రెండు కాయల తొడిమలూ నేనే ఊడదీశాను. మొదటిదొక్కటే పొరపాటు. మంగ వేలులో ఏ దోషమూ లేదు. మంగ నమ్మలేదు. మీరైనా నమ్మండి.